వంగ ఎండు తెగులుపై ఫేజ్ ప్రయత్నం: జూన్ నుంచి అక్టోబరు దాకా నా నమోదులు

జూన్ మూడో వారంలో, తొలకరి పడ్డ నాలుగు రోజులకు, కాశీనగర్ దగ్గర వంశధార ఒడ్డున ఉన్న మా బావ వంగతోటకు వెళ్లాను. కాపు మీదున్న మొక్కలు ఆకు పచ్చదనం పోకుండానే తలలు వాల్చేసి ఉన్నాయి. “నీళ్లు చాలక వాడినవి కావు, తడి పెట్టిన మూడో నాడే వాలిపోతున్నాయి” అన్నాడు బావ. వేడి, తడి కలిసినప్పుడే విజృంభించే బాక్టీరియా ఎండు తెగులుకు ఇంతకంటే మంచి వర్ణన నాకు ఎక్కడా దొరకలేదు. వాలిన మొక్క కాండాన్ని నేలకు జానెడు పైన కోసి, గాజు గ్లాసులో నిలిపిన నీటిలోకి కోసిన కొస మాత్రమే మునిగేలా పట్టుకుంటే, రెండు నిమిషాల్లో పాలదారం లాంటి సన్నని తీగ ఒకటి నిట్టనిలువుగా కిందికి జారింది. అది రాల్‌స్టోనియా సొలనేసియారం. వేరు గాయాల గుండా లోపలికి చేరి, నీటిని మోసే నాళాలలో జిగురు నింపి మొక్కను దాహంతో చంపే ఈ జీవిని 1896లో ఎర్విన్ స్మిత్ వర్ణించాడు. రెండు వందలకు పైగా మొక్కజాతులకు ఇది సోకుతుంది, నేలలో ఏళ్ల తరబడి నిలుస్తుంది, చల్లి వదిలించుకునే మందు లేదు. అందుకే బాక్టీరియాను తినే వైరస్‌ల వైపు, అంటే ఫేజ్‌ల వైపు, నా దృష్టి మళ్లింది.

పర్లాకిమిడిలోని మా ఇంటి వెనుక గదిలో పని మొదలైంది. కాండంలోంచి జారిన ఆ బాక్టీరియాను పెంచే మాధ్యమం కోసం 200 గ్రాముల బంగాళాదుంపలు ఉడికించి వడగట్టి, 20 గ్రాముల పంచదార, గడ్డ కట్టించే అగర్ పొడి 15 గ్రాములు కలిపి లీటరు చేసి, ప్రెషర్ కుక్కర్‌లో అరగంట ఉంచాను. చల్లారుతున్నప్పుడు టెట్రాజోలియం క్లోరైడ్ అనే రంగు తేల్చే రసాయనం చిటికెడు కలిపితే, తెగులు కలిగించగల కాలనీలు (పళ్లెంలో పెరిగిన బాక్టీరియా గుంపులు) తెల్లగా, జారుడుగా, నడుమ గులాబీ రంగుతో వస్తాయి. శక్తి పోయినవి చిన్నగా, గుండ్రంగా, ముదురు ఎరుపులో వస్తాయి. ఈ తేడాను కంటితో చూడగలగడమే నా పనంతటికీ ఆధారమైంది.

జూలైలో ఒక నెల వృథా అయింది. శుద్ధి చేసిన కాలనీల పళ్లాలను పాడవకుండా ఉంటాయని ఫ్రిజ్‌లో పెట్టాను. రెండు వారాల తరువాత వాటి నుంచి ఒక్కటీ పెరగలేదు. ఈ బాక్టీరియాకు చలి పడదు, 4 డిగ్రీల దగ్గర బతికి ఉన్నా పళ్లెంలో పెరగని స్థితికి జారిపోతుంది. దీన్ని మూత బిగించిన సీసాలో, మరిగించి చల్లార్చిన స్వేదనజలంలో, గది వేడిమిలోనే ఉంచాలి. అలా ఏళ్ల పాటు నిలుస్తుంది. మళ్లీ కాశీనగర్ వెళ్లి, మళ్లీ కాండం కోసి, మళ్లీ మొదటి నుంచి చేశాను.

ఆగస్టులో ఫేజ్ దొరికింది. చచ్చిన మొక్క వేళ్లకు అంటుకున్న మట్టి 10 గ్రాములు 50 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, తేటను వడగట్టి, అగర్ లేని మాధ్యమంలో పెరుగుతున్న బాక్టీరియాకు చేర్చి, రాత్రంతా 28 డిగ్రీల దగ్గర ఉంచి, మరునాడు 0.22 మైక్రాన్ సిరంజి ఫిల్టర్ గుండా తోశాను. బాక్టీరియా ఆ రంధ్రాలలో దూరలేదు, ఫేజ్‌లు దూరుతాయి. ఆ ద్రవాన్ని, బాక్టీరియాను, చెయ్యి ఓర్చుకోగలిగిన వేడిలోని పలచటి అగర్‌లో కలిపి పళ్లెంలో పోస్తే, పద్దెనిమిది గంటలకు మసక పొర మీద సూదిమొన నుంచి కందిగింజ దాకా పరిమాణంలో పారదర్శకమైన గుండ్రటి ఖాళీలు కనిపించాయి. దీపానికి ఎదురుగా పట్టుకున్నప్పుడు వాటిలోంచి వెలుగు సూటిగా వచ్చింది. ఒక్కో ఖాళీ ఒక్కో ఫేజ్ సంతానం తిని వదిలిన చోటు. పెద్ద ఖాళీ ఒకదాన్ని పుల్లతో తాకి మూడుసార్లు శుద్ధి చేశాను.

ద్రవంలో ఎన్ని ఫేజ్‌లున్నాయో లెక్క కట్టడానికి ఒక పాలు ద్రవం, తొమ్మిది పాళ్ల నీరు చొప్పున ఆరుసార్లు పలచన చేసి 0.1 మిల్లీలీటరు పోశాను. వంద యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో పది యూనిట్ల గీత సరిగ్గా అంతే. మొదట కుళాయి నీరు వాడినప్పుడు ఒక్క ఖాళీ కూడా రాలేదు, ఎందుకంటే నీటిలోని క్లోరిన్ ఫేజ్‌లను చంపేస్తుంది. బావినీరు మరిగించి చల్లార్చి వాడిన తరువాత 63 ఖాళీలు వచ్చాయి, అంటే మిల్లీలీటరుకు 63 కోట్లు.

సెప్టెంబరులో కుండీల పరీక్ష జరిగింది. ఇందులో నాకు కావలసింది ఫేజ్ పనిచేస్తుందా అన్నది ఒక్కటే కాదు. కుళ్లిన క్యాబేజీ నుంచి తీసిన వడపోత ద్రవం క్యాబేజీ తెగులు బాక్టీరియాను అణచగలదని 1924లోనే చూపించారు. శతాబ్దం గడిచినా ఫేజ్‌లు పొలంలో పళ్లెంలో పనిచేసినట్లు పనిచేయకపోవడానికి మట్టి కూడా ఒక కారణమని నా నమ్మకం. అందుకే పెరటి మట్టిలో సగాన్ని అందులోని జీవులు చచ్చేలా ఆవిరిలో ఉడికించి, సగాన్ని అలాగే ఉంచి, 24 కుండీలను నాలుగు జట్లుగా ఆరేసి చొప్పున పెట్టాను. అన్నింటిలో వంగనారు నాటి, ఒక పక్క వేళ్లను కత్తితో కోసి బాక్టీరియా పోశాను; రెండు జట్లకు నాటిన రోజున, ఏడో రోజున సాయంత్రం పూట ఫేజ్ కూడా పోశాను. పగటి ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది తట్టుకోలేదు.

ఇరవై ఒకటో రోజుకు ఉడికించిన మట్టిలో ఫేజ్ లేని ఆరు మొక్కలూ వాలిపోయాయి, ఫేజ్ ఉన్నవాటిలో నాలుగు పోయాయి. మామూలు మట్టిలో ఫేజ్ లేకుండా నాలుగు, ఫేజ్‌తో ఒకటి పోయాయి. ఆరేసి మొక్కలతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. అయినా వేరు చుట్టూ కాపురమున్న మిగతా జీవులు శత్రువుకు చోటివ్వకుండా నిలబడ్డప్పుడే ఫేజ్ చేసిన దెబ్బకు ఫలితం దక్కుతుందన్న నా ఊహకు ఇది బలం ఇచ్చింది. చైనాలోని నాన్‌జింగ్ బృందం 2019లో టమాటాపై ఒకటికి మించిన ఫేజ్‌లు కలిపి వాడి, తెగులును గరిష్ఠంగా 80 శాతం వరకు తగ్గించగలిగింది. వేరు చుట్టూ ఉన్న సూక్ష్మజీవుల కూర్పులో మార్పును కూడా నమోదు చేసింది.

అన్నిటికంటే నన్ను కదిలించింది మామూలు మట్టిలో ఫేజ్ ఉండగా పోయిన ఆ ఒక్క మొక్క. దాని కాండం నుంచి తీసిన కాలనీలలో సగం తెల్లగానే ఉన్నా, మిగతావి చిన్నగా, గట్టిగా, ముదురు ఎరుపుగా ఉన్నాయి, నా ఫేజ్ వాటిపై ఒక్క ఖాళీ కూడా చేయలేదు. ఫేజ్‌ను తప్పించుకోవడానికి బాక్టీరియా తన జిగురు కవచాన్ని వదులుకొని ఉండవచ్చు, తెగులు కలిగించే దాని శక్తి కూడా అదే. ఆ ఎర్ర కాలనీలను విడిగా మూడు మొక్కలకు పోస్తే పదిహేను రోజులైనా ఒక్కటీ వాడలేదు.

వాడిన పళ్లాలను, సీసాలను బ్లీచింగ్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టి కుక్కర్‌లో ఉడికించాను, కుండీల మట్టిని కూడా ఆవిరి పట్టించాను. ఈ ప్రయత్నం నుంచి ఒక్క చెంచా మట్టి కూడా ఎవరి పొలానికీ చేరకూడదు. బావకు మాత్రం ప్రస్తుతానికి చెప్పగలిగింది చెప్పాను: వాలిన మొక్కలను వేరు మట్టితో సహా తీసి కాల్చమని, ఆ మడిలో వచ్చే రెండేళ్లు వంగ, టమాటా, మిరప వద్దని, వరి, మొక్కజొన్న వేయమని. ఆ ఎర్ర కాలనీలను కూడా తినే రెండో ఫేజ్ కోసం గుణుపురం వైపు తోట నుంచి తెచ్చిన మట్టి నిన్న సాయంత్రం సీసాలో వేశాను, రేపు వడగడతాను.