ఉలవపాడు దగ్గర నాలుగు సెకన్లు

నిన్న ఒంగోలు నుంచి నెల్లూరు వస్తున్నా. పక్క సీట్లో అమ్మ. ఉలవపాడు దగ్గర, రోడ్డు పక్కన మామిడిపళ్ల బుట్టలు మొదలయ్యే చోట ఫోన్ మోగింది. "ఎక్కడిదాకా వచ్చారు?" అని మా ఆవిడ మెసేజ్. ఎడమచేత్తో ఫోన్ తీసి "ఉలవపా" వరకు కొట్టా.

"అబ్బయా!" అని అమ్మ కేక.

తలెత్తేసరికి ఎదురుగా సైకిల్ నెట్టుకుంటూ రోడ్డు దాటుతున్న పెద్దాయన. బలమంతా పెట్టి బ్రేక్ తొక్కా. కారు ఆగాక చూస్తే ఆయన వెనక చక్రానికీ మా బంపర్‌కీ మధ్య జానెడు సందు. క్యారియర్ మీద గడ్డిమోపు. ఆయన ఒక్క మాట అనలేదు. నా చేతిలో ఫోన్ వంక చూసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

80 కిలోమీటర్ల స్పీడులో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. నేను తల దించింది నాలుగు సెకన్లే అనుకున్నా, దాదాపు 90 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. పక్కన అమ్మను పెట్టుకుని!

ఇన్నాళ్లూ చలానా కట్టేస్తే పోయేదనుకున్నా. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం, నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడితే మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది జైలు, లేదా 1000 నుంచి 5000 జరిమానా, లేదా రెండూ. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద ఐదేళ్ల దాకా జైలు.

"ఉలవపా" అన్న ఆ సగం మెసేజ్ ఇంకా ఫోన్‌లో అలాగే ఉంది. చెరపబుద్ధి కావడం లేదు.