అమ్మ కాలి వేలికి డాక్టరు రాసిన పేర్లు

మాది కావలి. అమ్మకు 61, షుగర్ వచ్చి పదకొండేళ్లయింది. ఎడమ కాలి రెండో వేలు మధ్యలో గూనిలాగా లేచి ఉండటం ఎప్పటినుంచో చూస్తున్నాం, వయసుకి అంతేలే అనుకున్నాం. ఆ లేచినచోట చెప్పు పట్టీ రాసుకుని ఆనెకాయ కట్టింది. మెడికల్ షాపులో అడిగితే కార్న్ క్యాప్ ఇచ్చారు, అతికించాం. నాలుగో రోజు తీసి చూస్తే కింద చర్మం తెల్లగా నానిపోయి, అంచున పుండు పడింది. అమ్మకు నొప్పే తెలియలేదు. నాకు అసలు భయం వేసింది అందుకే. ఆ క్యాపుల్లో చర్మాన్ని కరిగించే సాలిసిలిక్ యాసిడ్ ఉంటుందని, షుగర్ ఉన్నవాళ్లు సొంతంగా వాడకూడదని తర్వాత తెలిసింది.

నెల్లూరులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అమ్మను నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు, ఒంటి బరువు పడినప్పుడే ఎముకలు ఎటు జరిగాయో తెలుస్తుందట. చీటీలో 'హాలక్స్ వాల్గస్, సెకండ్ హ్యామర్ టో' అని రాశారు. బస్సులో అది చదువుకుంటూ ఒకటే టెన్షన్, ఏదో పెద్ద జబ్బు అనుకున్నా.

వారం తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు మొహమాటం లేకుండా అడిగేశాను. ఆయన అమ్మ పాదం చేతిలోకి తీసుకుని చూపించారు. హాలక్స్ అంటే లాటిన్‌లో బొటనవేలు, వాల్గస్ అంటే బయటి వైపుకి, అంటే చిటికెనవేలి వైపుకి తిరగడం. బొటనవేలి మొదట్లో కనబడే బొడిపె కొత్తగా పెరిగిన కండ కాదు, వేలు రెండో వేలి మీదికి ఒరిగితే దాని వెనకున్న పొడుగు ఎముక ఇంకో పాదం వైపుకి జరిగి తల బయటికి పొడుచుకొస్తుంది. దాన్నే బనియన్ (bunion) అంటారు. బొటనవేలు అలా తోసేస్తుంటే రెండో వేలికి చోటు చాలక పైకి లేచింది. మిగతా పేర్లన్నీ ఏ కీలు వంగిందో చెప్పేవే. మధ్య కీలు వంగితే హ్యామర్ టో, గోరు దగ్గరి కీలు ఒక్కటే వంగితే మ్యాలెట్ టో, వేలు మొదట్లో పైకి లేచి ఆ రెండు కీళ్లూ కిందికి ముడుచుకుంటే క్లా టో. షుగర్ వల్ల నరాలు దెబ్బతిని పాదంలోని చిన్న కండరాలు బలం తగ్గినవాళ్లలో ఈ చివరిది ఎక్కువగా చూస్తామన్నారు.

పేరు కన్నా ముఖ్యంగా అడగాల్సింది, చేత్తో నొక్కితే వేలు సాపుగా వస్తుందా అని. వస్తే చెప్పులు మార్చి, మెత్తలు పెట్టి నెట్టుకురావచ్చు, బిగుసుకుపోయి బాధపెడుతుంటేనే ఆపరేషన్ మాట. అమ్మది ఇంకా వస్తోంది. స్పర్శ తెలుస్తోందో లేదో చూడటానికి కళ్లు మూసుకోమని సన్నటి నైలాన్ పోగుతో పాదం మీద అక్కడక్కడా తాకించారు, మూడు చోట్ల అమ్మ ఏమీ చెప్పలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

వేలు వాచి మెట్టె బిగుసుకుపోయింది, తీయాలన్నారు. "మీ నాయన ఉండగా మెట్టె తీయడమేంది?" అని అమ్మ ఏడ్చింది. నాయనే దగ్గరుండి ఆచారి చేత కోయించాడు, తర్వాత పక్క వేలికి వదులుది పెట్టించాడు.

పుండు మానడానికి ఐదు వారాలు పట్టింది. ఇప్పుడు ముందు భాగం వెడల్పుగా ఉన్న ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు) చెప్పులు వేసుకుంటోంది, ఇంట్లో కూడా. రాత్రిళ్లు నేను అమ్మ పాదం ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులన్నీ చూసి, ఆ రెండో వేలిని మెల్లగా నొక్కుతాను. ఇంకా సాపుగానే వస్తోంది.