లాయరు ఉచితం సరే, ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) డబ్బులు ఎవరిస్తారు?

పుట్టింటి ఆస్తిలో వాటా కోసం ఉదయగిరి వైపు నుంచి నెల్లూరు కోర్టుకు వచ్చే ఆడమనిషికి లాయరు ఫీజు కట్టాల్సిన పని లేదు. ఆమెకు ఎంత ఆదాయముందో కూడా ఎవరూ అడగకూడదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు, కస్టడీలో ఉన్నవాళ్లు, వరద, కరువు లాంటి విపత్తుల బాధితులు ఆదాయంతో నిమిత్తం లేకుండా అర్హులు. మిగతావాళ్లకు మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల రూపాయల పరిమితి ఉంది. ఇది క్రిమినల్ కేసులకే అనుకునేవాళ్లు ఎక్కువ. భాగ పంపకం, భరణం, గట్టు తగాదా, ఇల్లు ఖాళీ చేయమన్న దావా, అన్నిటికీ వర్తిస్తుంది.

అర్జీ తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చాలు. నెల్లూరు, ఒంగోలు జిల్లా కోర్టుల ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో ఇవ్వొచ్చు, మండల కమిటీలోనైనా ఇవ్వొచ్చు. 15100కు ఫోన్ చేసి అడగొచ్చు. ఆధార్, అర్హతను బట్టి కులం లేదా ఆదాయ ధ్రువపత్రం, తగాదాకు సంబంధించిన కాగితాల జిరాక్సులు జత చేయాలి. ఆదాయం గురించి ప్రమాణపత్రం ఇస్తే సాధారణంగా సరిపోతుంది. 7 రోజుల్లోపు ఏదో ఒకటి తేల్చాలని నిబంధన. తిరస్కరిస్తే ఛైర్మన్‌కు, అంటే జిల్లా జడ్జికి, అప్పీలు చేసుకోవచ్చు. సంస్థ నియమించే ప్యానెల్ లాయరు కక్షిదారు దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. ఆయనకు సంస్థే గౌరవ వేతనం ఇస్తుంది.

ఎక్కువ కేసులు చెడేది తేదీల దగ్గర. సమన్లు అందిన 30 రోజుల్లో ప్రతివాది జవాబు దావా వేయాలి, కోర్టు దయతలిస్తే 90 రోజుల దాకా సాగుతుంది. మనవాళ్లేమో సమన్లను బీరువాలో పెట్టి, పెద్దమనుషుల పంచాయితీలో తేలుతుందేమోనని చూసి, ఎక్స్‌పార్టీ డిక్రీ (మన వాదన లేకుండానే వచ్చే తీర్పు) అయ్యాక పరుగెత్తుకొస్తారు. అప్పుడు దాన్ని రద్దు చేయించడానికి వేరే పిటిషన్, దానికీ 30 రోజుల గడువే. కాబట్టి అర్జీలో మొదటి వాక్యం సమన్లు ఏ రోజు అందాయో, వాయిదా ఎప్పుడో చెప్పాలి. తాతల నాటి చరిత్ర తరవాత రాసుకోవచ్చు.

ఇక డబ్బుల సంగతి. కోర్టు ఫీజు, బట్టా (సమన్లు పంపే రుసుము), కోర్టు నకళ్లు, సాక్షుల ఖర్చు న్యాయ సహాయం కిందకే వస్తాయి. భాగ పంపకం దావాలో ఇది చిన్న విషయం కాదు. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నానని చెప్పగలిగితే నామమాత్రపు ఫీజుతో పోతుంది. పూర్తిగా బయటికి నెట్టేసిన ఆడబిడ్డయితే తన వాటా మార్కెట్ విలువ మీద కట్టాలి. దీనికి పాపర్ పిటిషన్ అనే పాత దారి కూడా ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 33వ ఆర్డర్ కింద ఫీజు కట్టే స్తోమత లేదని కోర్టును ఒప్పించాలి. విచారణకు కాలం పడుతుంది, గెలిచాక ఆ ఫీజును ప్రభుత్వం వసూలు చేసుకుంటుంది.

చట్టం చెయ్యి అందనిది దావా పుట్టకముందు అయ్యే ఖర్చు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ, పాత దస్తావేజు నకలు, అడంగల్, వన్‌బీ అనే పొలం రికార్డులు, సర్వే రుసుము, వీటి కోసం రెండు మూడు సార్లు బస్సు చార్జీలు, ఆ రోజుల కూలి. కనిగిరి పల్లెల నుంచి ఒంగోలుకు వచ్చి వెళ్లాలంటే ఆ రోజు పని పోయినట్టే. ఉచిత లాయరు చేతికి కాగితాలు లేని కేసు వస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ప్లెయింట్‌లో, అంటే దావా పత్రంలో, సర్వే నంబరు తప్పు పడుతుంది, తరవాత సవరణ పిటిషన్, మరో ఏడాది.

న్యాయవాదుల ధర్మనిధి అనేది ఏదైనా ఉంటే, నా లెక్కలో అది చేయాల్సిన పని ఇదే. వకాల్తా మీద అతికించే వెల్ఫేర్ స్టాంపు పేదల కోసమని కొందరి భ్రమ. అది లాయర్ల సొంత సంక్షేమానికి.

ఇలాంటి నిధికి డబ్బు సమకూర్చడంలో అమెరికాలో దారి వేరు. అక్కడ ఇళ్ల అమ్మకాల డబ్బు, రాజీ సొమ్ము లాయరు ఖాతా మీదుగా నడుస్తాయి. ఒక్కో కక్షిదారు డబ్బు తక్కువైనా, కొద్ది రోజులే ఉన్నా, విడిగా వడ్డీ లెక్కగట్టి ఇవ్వడం గిట్టదు. అలాంటి సొమ్మంతా ఒకే ఖాతాలో వేస్తే వచ్చే వడ్డీని బ్యాంకు నేరుగా న్యాయవాదుల ఫౌండేషన్‌కు పంపుతుంది. పెద్ద మొత్తమైతే విడి ఖాతా, వడ్డీ కక్షిదారుకే. ఫ్లోరిడాలో 1981లో మొదలై ఇప్పుడు 50 రాష్ట్రాల్లోనూ ఉంది. కక్షిదారు సొత్తు లాక్కున్నట్టే కదా అన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విడిగా అయితే అతనికి ఏమీ మిగిలేది కాదు గనుక నష్టపరిహారం సున్నా అని 2003లో 5-4 మెజారిటీతో తేల్చారు. అక్కడ సివిల్ కేసులో పేదవాడికి ప్రభుత్వ ఖర్చుతో లాయరు ఇచ్చి తీరాలన్న సాధారణ హక్కు లేదు, అందుకే ఫౌండేషన్లు ఆ డబ్బును న్యాయ సహాయ సంస్థలకు గ్రాంట్లుగా ఇస్తాయి. బలహీనత కూడా అందులోనే ఉంది. 2008 సంక్షోభం తరవాత వడ్డీ రేట్లు సున్నా దగ్గరికి పడిపోతే ఈ ఆదాయమూ కుప్పకూలింది, సరిగ్గా ఇళ్లు పోయి జనం న్యాయ సహాయం కోసం వచ్చిన రోజుల్లో. మంచి రోజుల్లో కొంత వెనకేసుకున్న ఫౌండేషన్లకే ఊపిరాడింది.

మన దగ్గర ఇది కుదరదు. పొలం కొన్నవాడు డబ్బు నేరుగా అమ్మినవాడికిస్తాడు, ప్రమాద పరిహారం కోర్టులో జమవుతుంది. లాయరు ఖాతాలో నిలవుండే సొమ్మే తక్కువ. కాబట్టి చందాలే దిక్కు. వందమంది లాయర్లు నెలకు 200 వేసుకుంటే ఏడాదికి 2 లక్షల 40 వేలు. కేసుకు 3 వేలు పరిమితి పెట్టుకుంటే 80 కుటుంబాల కాగితాల ఖర్చు తీరుతుంది. పేదవాడికి ఉచిత సాయం న్యాయవాది బాధ్యతల్లో గొప్పదని బార్ కౌన్సిల్ 46వ రూలు చెబుతూనే ఉంది. ఆ బాధ్యతకు ఇది చాలా చిన్న రేటు.

అదే డబ్బును జిల్లా న్యాయ సహాయ నిధికే ఇవ్వొచ్చు కదా అంటారు. ఇవ్వొచ్చు, 17వ సెక్షన్ విరాళాలను ఒప్పుకుంటుంది. కానీ రాష్ట్ర సంస్థ ముందస్తు అనుమతి కావాలి. రేపు ఉదయం ఈసీకి దరఖాస్తు పెట్టాల్సినవాడికి ఆ వేగం సరిపోదు. సొంతంగా సొసైటీ పెట్టుకోవాలంటే 2001 నాటి రాష్ట్ర చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులుండాలి.

నడపడంలో రెండు జాగ్రత్తలు. డబ్బు కక్షిదారు చేతికి ఊరికే కాకుండా ఖర్చు రసీదు చూసి ఇవ్వాలి. మీసేవ రసీదు, బస్సు టికెట్టు, ఏదైనా సరే. రెండోది ఇంకా ముఖ్యం. ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే లాయరు ఆ కేసు పట్టకూడదు. పట్టాడా, నిధి కాస్తా కక్షిదారులను లాగే వల అవుతుంది. ప్రమాద కేసుల్లో పరిహారంలో వాటా మాట్లాడుకోవడం నిబంధనలకు విరుద్ధమని తెలిసీ చేసేవాళ్లు ఈ వలనూ వదలరు. న్యాయ సేవాధికార సంస్థ అర్హత తేల్చి పంపినవాళ్లకే ఇస్తామని పెట్టుకుంటే సగం గొడవ తప్పుతుంది, విడిగా విచారణ చేసే శ్రమా తప్పుతుంది.