మామ్మగారి చయానోవ్

రీయూనియన్ కమిటీ వాళ్లు వాట్సాప్‌లో వెంటపడి మరీ రాయమన్నారు, రెండు పేజీలు, ఒక ఫొటో, రాజకీయాలు వద్దు అని. రాజకీయాలు లేకుండా మన మాస్కో చదువు గురించి ఏం రాస్తాంరా బాబూ! పోద్‌ఫాక్ (రష్యన్ నేర్పే మొదటి ఏడాది) కబుర్లు, కలెక్టరు గాడి ప్రేమకథ, కుక్కర్ పేలుడు కేసు ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు (కుక్కర్ నాది కాదు, ఇప్పటికీ అదే మాట). నేను మనకి పాఠాలు చెప్పిన మామ్మగారి గురించీ, ఆవిడ నేర్పిన రష్యన్ వ్యవసాయ ఆర్థికవేత్త చయానోవ్ గురించీ రాస్తా. ఆవిడ అసలు పేరు, తండ్రి పేరుతో సహా రాసినా మీలో ఒక్కడూ గుర్తుపట్టడు కాబట్టి మామ్మగారే.

మనం దిగింది 1984లో. రష్యన్ నేర్చుకుని, తిమిర్యాజెవ్ వ్యవసాయ అకాడమీలో పడి, తర్వాత కొన్నాళ్లు ఏం చదివామో నాకు గుర్తులేదు, మీకూ లేదు. కొల్ఖోజ్ (సామూహిక పొలం), సొఫ్ఖోజ్ (సర్కారు పొలం), ప్లాను, తినడానికి గ్రేచ్కా (బక్‌వీట్). అంతే.

1987 శరదృతువులో ఒకరోజు సెమినార్‌కి మామ్మగారు టెక్స్ట్‌బుక్ లేకుండా వచ్చారు. చేతిలో ప్రావ్దా పేపరు అట్టేసిన చిన్న పుస్తకం, అంచులు నలిగిపోయి, కుట్టు ఊడిపోయి ఉంది. కోట్లు వేసుకోండి అన్నారు, జచ్యోత్ (పాస్ పరీక్ష) తప్పిందనుకుని లాయరు గాడు అక్కడే నీరుగారిపోయాడు. తీరా చూస్తే మమ్మల్ని పదో కార్పుస్ (భవనం) ముందుకి తీసుకెళ్లి, ఆ ఉబ్బెత్తు అద్దాల కిటికీల కింద నిలబెట్టి పుస్తకం తెరిచారు. అది మన అకాడమీకే గైడు, 1925లో అచ్చయింది, రాసినాయన పేరు అలెగ్జాండర్ చయానోవ్. అక్కడి నుంచి చెరువు దాకా, చెరువు నుంచి లీస్త్‌వెన్నిచ్నయా చెట్ల దారి దాకా, ఎక్కడ ఏముండేదో ఆయన రాసింది చదువుతూ నడిపించారు. మేం చలికి చస్తూ వెనకాల. ఆఖరికి ఆవిడ చెప్పింది ఏంటంటే, ఈయన ఇక్కడే చదివాడు, ఇక్కడే ప్రొఫెసర్ అయ్యాడు, యాభై ఏళ్లకి పైగా ఈ ఆవరణలో ఈయన పేరు పైకి ఎవరూ అనలేదు, మొన్న జులైలో సుప్రీంకోర్టు ఈయన నిర్దోషి అంది కాబట్టి ఇవాళ నేను అంటున్నాను. అంతే, మళ్లీ లోపలికి తీసుకెళ్లి టీ ఇప్పించారు.

ఆ ఏడాదంతా సిలబస్ గాలికి పోయింది, ఆవిడ చయానోవ్ తప్ప ఇంకేం చెప్పలేదు, మనకీ ఇంకేం అక్కర్లేకపోయింది.

1888లో పుట్టాడు, మాస్కో వాడే. 1906లో మన కాలేజీలో చేరాడు. రష్యాలో జెమ్‌స్త్వో (స్థానిక పాలనా సంఘం) వాళ్లు ఇల్లిల్లూ తిరిగి పోగుచేసిన రైతు లెక్కలు గుట్టలుగా ఉండేవి, అందరూ వాటిలో లాభం నష్టం వెతుకుతుంటే ఈయన ఇంట్లో తినే నోళ్లెన్ని, పనిచేసే చేతులెన్ని అని చూశాడు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు రైతు గొడ్డుచాకిరీ చేస్తాడు, పిల్లలు చేతికొచ్చాక కాస్త తగ్గిస్తాడు. కూలి లెక్క లేని ఇంట్లో లాభం ఎలా కడతారయ్యా అన్నదే ఆయన అడిగింది. అవిసె నార రైతుల సహకార సంఘాల్లో స్వయంగా తిరిగిన మనిషి కాబట్టి, అప్పు, అమ్మకం, మర పట్టడం సంఘం చూసుకోవాలి, పొలం మాత్రం ఇంటివాళ్ల చేతిలోనే ఉండాలి అన్నాడు. సామూహిక సేద్యం రోజుల్లో అలా అంటే ఏమవుతుందో తెలుసుగా. 1929 డిసెంబర్లో స్టాలినే సభలో పేరెత్తి మరీ ఇలాంటి సిద్ధాంతాలు మన పత్రికల్లో ఎందుకు తిరుగుతున్నాయి అని విసుక్కున్నాడు. 1930 జులైలో పట్టుకెళ్లారు. ‘శ్రామిక రైతు పార్టీ’ అని లేని పార్టీ ఒకటి సృష్టించి, దాంట్లో ఈయన్నీ, ఆర్థికవేత్త కొండ్రాత్యేవ్‌నీ ఇంకా చాలామందినీ ఇరికించారు. జైలు, తర్వాత కజకిస్తాన్‌లోని అల్మా-అతాకి ప్రవాసం, 1937 అక్టోబర్లో కాల్చేశారు. భార్యకీ ఏళ్ల తరబడి క్యాంపులు తప్పలేదు.

ఇదంతా ఏ పుస్తకంలో అయినా దొరుకుతుంది. మామ్మగారు దొరకనిది చెప్పారు, అదే కథలు. అవును, కథలు. ఇంత లెక్కల మనిషి ‘బొటనిస్ట్ ఎక్స్’ అని పేరు పెట్టుకుని, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో రాసినట్టుండే దెయ్యాల కథలు అచ్చేసుకున్నాడు. ఒకదాంట్లో లండన్‌లో సైతాన్ల క్లబ్బు, అక్కడ పేకాటలో మనుషుల ఆత్మలే పందెం, ఒక్కో ఆత్మకి ఒక్కో మూడు మూలల లోహపు బిళ్ల. మామ్మగారు అది చదివేటప్పుడు గొంతు తగ్గించేవారు, మన బొంగురు గాడు కూడా నోరు మూసుకుని విన్నాడంటే చూసుకోండి. ఆ కథలో హీరో పేరు బుల్గాకోవ్. అసలు బుల్గాకోవ్‌కి, అంటే ఆ పేరున్న నిజం రచయితకి, ఆ కథకి బొమ్మలేసిన ఆవిడే పుస్తకం ఇస్తే తన పేరు చూసి ఆశ్చర్యపోయాడట.

ఇంకోటి 1920లో ఇవాన్ క్రెమ్నేవ్ పేరుతో వచ్చిన చిన్న నవల. హీరో సోవియట్ ఆఫీసరు, నిద్రలేచేసరికి 1984 మాస్కోలో ఉంటాడు. రాజ్యం రైతులది. ఇరవై వేల జనాభా దాటిన ఊళ్లన్నీ డిక్రీతో తీసేశారు, మాస్కో అంటే తోటలు, మధ్య మధ్యలో ఇళ్లు. వానలు కూడా యంత్రాలతో కురిపిస్తారు. మామ్మగారు మన వైపు చూసి, మీరూ 1984లోనే దిగారు కదా, ఆ తోటలు కనబడ్డాయా అన్నారు. ఎనభై లక్షల పైన జనం ఉన్న ఊళ్లో, ట్రామ్ కోసం మంచులో నిలబడి... సరే వదిలేయండి.

కథలు ఆయనకి కాలక్షేపం అంటారు చాలామంది, నేనొప్పుకోను. ఇంటి లెక్క రాసినవాడూ ఆ దెయ్యాల కథ రాసినవాడూ ఒక్కడే, రెండు చోట్లా మనిషి దేనికి ఎంత పందెం కాస్తాడన్నదే చూశాడు. పైగా కేసులో అంటగట్టిన రైతు పార్టీ ఎక్కడా లేదు, రైతు రాజ్యం మాత్రం ఆయన నవల్లో ఉంది. ఏది ఎక్కువ భయపెట్టిందో మీరే చెప్పండి.

తమాషా ఏంటంటే ఆయన సిద్ధాంతం 1966లోనే ఇంగ్లీషులో వచ్చేసింది, తెచ్చినవాళ్లలో డేనియల్ థోర్నర్ ఒకరు, మన దేశంలో ఏళ్ల తరబడి ఉండి మన పల్లెల మీద పనిచేసినాయన. మనం విమానమెక్కి వెళ్లి విన్నది ఇక్కడే లైబ్రరీలో ఉందన్నమాట!

నా సంగతి చెప్పమన్నారు కదా. బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసర్‌గా చేరి అనంతపురం జిల్లాలో శెనక్కాయ రైతుల క్రాప్ లోన్ ఫారాలు నింపేవాణ్ణి. ఇంటివాళ్ల కష్టానికి కూలి కట్టి చూస్తే ప్రతి పొలం నష్టమే, అయినా మళ్లీ జూన్‌లో విత్తనాలు. ఒక పెద్దాయన్ని అడిగితే, “నా పెండ్లానికి నేను కూలిచ్చేదేంది సార్, రాయకుండ్రి అది” అన్నాడు. ఆ గడి ఖాళీగా వదిలేసి లోన్ పాస్ చేయించా, బాకీ కూడా తీర్చాడు. ఇప్పుడు మద్దతు ధర మీద ఎ2 (చేతినుంచి పెట్టిన ఖర్చు), ఎఫ్ఎల్ (ఇంటివాళ్ల కష్టం), సి2 (సొంత భూమి కౌలు, పెట్టుబడి వడ్డీ కూడా కలిపిన ఖర్చు) అని టీవీల్లో కొట్టుకుంటుంటే నాకు ఆ గడే గుర్తొస్తుంది. జనరల్ మేనేజర్‌గా రిటైర్ అయ్యా, మోకాళ్లు తప్ప అన్నీ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత బ్యాంకు మేనేజర్ హీరోగా ఒక నవల రాశా, కలం పేరుతోనే లెండి, ఒక వారపత్రిక పోటీలో చిన్న బహుమతి కూడా వచ్చింది, మా ఆవిడ తప్ప అందరూ బాగుందన్నారు.

లాయరు గాడు మాత్రం చిన్న కమతాలకి రోజులు చెల్లిపోయాయి, మీ చయానోవ్ తప్పు అని ఇప్పటికీ అర్ధరాత్రి మెసేజ్‌లు పెడతాడు. వాడి దగ్గర అయిదెకరాలుంది, కౌలుకిచ్చాడు. కౌలు రైతు ఎందుకు వదలట్లేదో వాడినే కనుక్కోమనండి, రీయూనియన్‌లో మిగతాది నేను మాట్లాడతా.