మాట పట్టాలు తప్పినప్పుడు

నాకు స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుందని తేలకముందే, నా మాట తీరు చూసి ఇంట్లోవాళ్లకు అనుమానం వచ్చింది. "తిన్నావా?" అని అమ్మ అడిగితే, "తినడం టైముది, టైము గోడది, గోడకన్నీ తెలుసు" అన్నానట. నాకు మాత్రం సూటిగా జవాబిచ్చినట్టే ఉండేది. ఎవరూ లేకపోయినా గొంతులు వినపడటం ఆ తర్వాత మొదలైంది.

అక్క నా మాటల్ని కాగితం మీద రాసి డాక్టరుకు చూపించింది. జబ్బు పేరు వినగానే అమ్మ అడిగింది, "మా పెంపకంలో లోపమా డాక్టర్‌గారూ?" అని. మా మేనమామ కూడా తనలో తను మాట్లాడుకునేవాడు. ఇంట్లో ఎవరూ ఆయన ఊసెత్తేవాళ్లు కాదు.

పెంపకం వల్ల కాదన్నారు డాక్టరు. కవలల మీద జరిగిన పరిశోధనల ప్రకారం ఈ జబ్బులో వంశపారంపర్యం పాలు దాదాపు 80 శాతం. అయినా ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి వస్తే, కనీసం సగం సార్లు రెండోవాళ్లకు రానే రాదు. కారణం ఏదో ఒక్క జన్యువూ కాదు. 2022లో వచ్చిన పెద్ద పరిశోధన మన డీఎన్‌ఏలో 287 చోట్లను ఈ జబ్బుతో ముడిపెట్టింది, ఒక్కోదాని ప్రభావం మాత్రం చాలా స్వల్పం. మెదడులో కణత దగ్గర, విన్న మాటను పోల్చుకునే భాగం మాలాంటివాళ్లకు సగటున కాస్త పలచగా ఉంటుందట. అలాగని స్కాన్ చూసి ఫలానా మనిషికి ఈ జబ్బుందని చెప్పలేరు. గొంతులు వినపడేటప్పుడు, మనం మాట్లాడటానికి వాడే బ్రోకా ప్రాంతం కూడా పనిచేస్తుందని విన్నాక నాకు సగం భయం పోయింది. లోపలి మాటే బయటిదిలా వినపడుతోందన్నమాట.

మందులతో గొంతులు సన్నబడ్డాయి. ఒళ్లు పెరిగింది, పగలంతా మగత. మాట మాత్రం వెంటనే రాలేదు. ముందు గజిబిజి పోయింది, దాని చోట మౌనం వచ్చింది: "ఊ", "సరే", అంతే. నిజం చెప్పాలంటే గొంతులకంటే అదే ఎక్కువ బాధ. రోజూ ఏదో ఒకటి పైకి చదివి, అందులో ఏముందో అక్కకు చెప్పేవాణ్ణి. దారి తప్పితే "దీనికీ దానికీ ఏంటి సంబంధం?" అని ఆపేది. విసుక్కునేవాణ్ణి, కానీ మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి.

ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. నిద్ర చాలకపోతే వాక్యం మధ్యలో జారుతుంది. అది మొదటి గుర్తని నాకూ అక్కకూ తెలుసు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేస్తాం.

అక్క తన పిల్లలకు జన్యు పరీక్ష చేయించనా అని డాక్టర్ని అడిగింది. వస్తుందో రాదో తేల్చే పరీక్ష లేదన్నారు. పెద్దయ్యాక గంజాయి జోలికి పోనివ్వద్దు, మాటలో, నిద్రలో మార్పు కనిపిస్తే ఆలస్యం చేయకుండా తీసుకురండి అన్నారు.