సున్నుండల డబ్బా

పాప పుట్టిన నాలుగో రోజు సున్నుండల డబ్బా పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. ఫిన్లాండ్‌లోని ఎస్పోలో మార్చి నెల, రోడ్డు పక్కన మంచు ఇంకా కరగలేదు. అత్తగారు నెల ముందే వచ్చి ఉన్నారు. నేను పాపని ఎత్తుకోబోతే "మీకెందుకు బాబూ, ఇలా ఇవ్వండి" అని అందుకుంటారు. ఇక ఇంట్లో నాకు పనేముంది?

మా మేనేజర్‌కి యాభై దాటాయి. ఇక్కడ అందరినీ పేరు పెట్టే పిలవాలి. ఆరేళ్ళయినా 'గారు' లేకుండా ఆవిడ పేరు నా నోట్లోంచి సరిగ్గా రాదు. సున్నుండ తీసుకుంది, టిష్యూ మీద పెట్టింది, కొరకలేదు.

"పాప దగ్గర ఎవరున్నారు?"

"మా అత్తగారు."

"ఆవిడ పాపకి తండ్రా?"

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. నేను లాప్‌టాప్ మూసి కోటు తొడుక్కునేదాకా అక్కడే నిలబడింది. నలుగురిలో అలా అంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు? సెలవు పెట్టకుండా వచ్చినందుకు తిట్టు తినడం నా సర్వీసులో అదే మొదటిసారి.

కిందికి దిగుతుంటే రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒకాయన కాఫీ చేతికిచ్చి కూర్చోబెట్టాడు. "పోనీలే, మా ప్రధానమంత్రే బిడ్డ పుడితే ఆ సెలవు తీసుకున్నాడు" అన్నాడు. ఎవరని అడిగితే లిప్పోనెన్ అన్నాడు. పార్లమెంటు స్పీకరుగా కూడా చేశాడు అన్నంతవరకే నాకు తెలిసిన పేరు.

ఆ రాత్రి పాప నా గుండెల మీద పడుకుంటే (అత్తగారు నిద్రపోయాకే దొరికింది ఆ అవకాశం) ఫోన్లో ఆయన గురించి చదువుతూ కూర్చున్నాను. పావో లిప్పోనెన్, సోషల్ డెమోక్రాట్. 1995 ఏప్రిల్ నుంచి 2003 ఏప్రిల్ దాకా, వరసగా ఎనిమిదేళ్ళు ప్రధాని. అంతకుముందు అదే పార్టీకి చెందిన కాలెవి సోర్సా నాలుగు ప్రభుత్వాలు నడిపాడు గానీ మధ్యమధ్యలో దిగిపోయి మళ్ళీ ఎక్కాడు. తండ్రులకి సెలవు మొదట వచ్చింది ఆ సోర్సా హయాంలోనే, 1978లో. చట్టం ఉన్నా ప్రధాని స్థాయి మనిషి వాడుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1998లో, అరవైకి దగ్గర పడుతున్న వయసులో లిప్పోనెన్‌కి కూతురు పుడితే కొద్ది రోజులు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. 2000లో ఇంకో పాప పుట్టినప్పుడూ పెట్టాడు. అప్పుడు గర్భవతిగా ఉన్న బ్రిటన్ ప్రధాని భార్య షెరీ బ్లెయిర్ ఈయన్ని చూసి నేర్చుకోవాలని ఒక సభలోనే అంది, భర్తకి వినపడేలాగే అనుకుంటా.

పోనీ తీరుబడిగా ఉన్న రోజులా అంటే, కాదు. ఆయన కుర్చీ ఎక్కేనాటికి దేశంలో నిరుద్యోగం పదిహేను శాతం పైమాటే. సోవియట్ యూనియన్ కూలి, బ్యాంకులు దెబ్బతిని, ఇళ్ళు అమ్ముకున్నవాళ్ళ కథలు మా కాఫీ ఆయన ఇప్పటికీ చెబుతాడు. లిప్పోనెన్ ఖర్చులు కోశాడు, భత్యాలు కోశాడు. వామపక్ష కూటమి నుంచి కుడిపక్షం దాకా ఐదు పార్టీలని ఒకే మంత్రివర్గంలో కూర్చోబెట్టి 'ఇంద్రధనుస్సు ప్రభుత్వం' నడిపాడు. పక్కనున్న స్వీడన్, డెన్మార్క్ యూరో వద్దంటే ఈయన దేశాన్ని అందులోకి తీసుకెళ్ళాడు. మాట్లాడితే ముక్కలు ముక్కలుగా, మధ్యలో మనం వెళ్ళి నీళ్ళు తాగి రావచ్చు, అంత నిదానమట.

అవే ఏళ్ళలో మన దగ్గర చంద్రబాబు ముఖ్యమంత్రి. 'నేను నిద్రపోను, మిమ్మల్ని నిద్రపోనివ్వను' అన్న మాట వింటూ గుంటూరులో బడికెళ్ళినవాణ్ణి నేను. నిద్ర మానుకున్నవాడే పనిమంతుడని మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న సంగతి. అది తప్పని ఇప్పుడు ఒక్క మాటతో కొట్టిపారెయ్యడం నావల్ల కాదు. ఆ కష్టమే నన్ను ఇక్కడిదాకా తెచ్చింది.

ఇంకోటి కూడా ఉంది. వీళ్ళకి అత్తగార్లు నెల ముందే వచ్చి కూర్చోరు, అందుకే ప్రభుత్వం రావాల్సి వచ్చింది. 2022 ఆగస్టు నుంచి తల్లికీ తండ్రికీ చెరో 160 రోజుల భత్యం. అందులో 63 దాకా ఒకరివి ఇంకొకరికి ఇవ్వొచ్చు, మిగతావి వాడుకోకపోతే పోయినట్టే. మనకి ఆ లెక్కలెందుకు, ఇంటినిండా మనుషులే కదా అని మనసులో మా మేనేజర్‌తో చాలాసేపు వాదించాను.

వాదన ఎక్కడ తేలిపోయిందంటే, ఆ మధ్యాహ్నం నేను డబ్బాతో సహా తిరిగొచ్చినప్పుడు మా ఆవిడ తలుపు తీసి "ఏం మర్చిపోయారు?" అంది. ఉండిపోవడానికి వచ్చానేమోనని తనకి తోచనే లేదు.

లిప్పోనెన్‌ని దేవుణ్ణి చెయ్యను. పదవి పోయాక రష్యా గ్యాస్ పైపులైను కంపెనీకి సలహాదారుగా చేరాడు. ఆ ముక్క ఎత్తితే కాఫీ ఆయన మొహం చిట్లించి కప్పులోకి చూశాడు. 2012లో అధ్యక్ష పదవికి నిలబడితే ఏడు శాతం ఓట్లు కూడా రాలేదు. గెలిచింది సౌలి నీనిస్తో, ఒకప్పుడు ఈయన మంత్రివర్గంలోనే ఆర్థికమంత్రి, ఉపప్రధాని. అది కూడా అవతలి పార్టీ నుంచి.

వారం తర్వాత నాన్న ఫోన్ చేశాడు. పనిరోజు పగటిపూట ఇంట్లో దొరికానని ఆయనకి టెన్షన్.

"ఉద్యోగం ఉందా రా?"

ఉందని చెప్పి, సెలవు సంగతి చెప్పి, నమ్మకం కుదరలేదని ప్రధాని సంగతీ చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. నాన్న రామారావుగారి అభిమాని.

"ఇంట్లో కూర్చున్నాడు సరే. ఆ ఉపప్రధాని అవతలి పార్టీ వాడన్నావు కదా. తిరిగొచ్చేసరికి కుర్చీ ఉందా?"

"ఉంది నాన్నా."

"ఉందా!" అన్నాడు. తర్వాత పాపకి నలుగు పెట్టారా లేదా అని అడిగాడు.