356 స్పీడ్‌స్టర్ రెప్లికా: కొనడం నుంచి అమ్మడం దాకా నా అనుభవం

కాలిఫోర్నియాలో పోర్షే 356 స్పీడ్‌స్టర్ రెప్లికా (పాత స్పోర్ట్స్ కారుకి నకలు) కొనేటప్పుడు నేను మొదట అడిగింది టైటిల్, అంటే బండి యాజమాన్య పత్రం. పైన మెరిసేది ఫైబర్‌గ్లాస్ బాడీ. కింద పాన్ (బాడీని మోసే అడుగు చట్రం), వెనక ఇంజన్ రెండూ ఫోక్స్‌వాగన్ బీటిల్‌వి. బండ్లు రిజిస్టర్ చేసే డీఎంవీ రికార్డులో చాలా రెప్లికాలు ఆ పాన్ పేరుతోనే ఉంటాయి. నాది 1969 ఫోక్స్‌వాగన్. పాన్ నంబరు సీట్ల వెనక టనెల్ (పాన్ మధ్యలో పొడవునా ఉండే గొట్టం) మీద కొట్టి ఉంటుంది. కార్పెట్ ఎత్తి టైటిల్‌తో అంకె అంకె పోల్చాలి. 1969 పాన్‌కి మూడో అంకె 9. టైటిల్ మీద ‘1955 పోర్షే’ అని ఉంటే ఎంత చవకైనా వదిలేయండి, తర్వాత అది కొన్నవాడి మెడకే చుట్టుకుంటుంది.

1975, అంతకుముందు మోడల్ పెట్రోల్ బండ్లకు అక్కడ స్మాగ్ (పొగ) పరీక్ష లేదు. పాన్ పాతదైతే ఈ లాభం ఉంది. ఇంకా రిజిస్టర్ కాని కిట్ కారుకి (విడిభాగాలు కొని కట్టిన బండికి) దారి వేరు. ఎస్‌బీ 100 అనే రాష్ట్ర చట్టం కింద ఏటా 500 సర్టిఫికెట్లే ఇస్తారు. తర్వాత బండిని తనిఖీ చేసే స్మాగ్ రిఫరీ దగ్గరికి వెళ్లాలి. ఓపిక లేకపోతే రిజిస్టరైన బండే కొనండి.

ఇక పాన్. బీటిల్ వీల్‌బేస్ 2400 మి.మీ., అసలు 356ది 2100. అందుకే పాన్‌ని, టనెల్‌ని అడ్డంగా కోసి, పొట్టి చేసి వెల్డ్ చేస్తారు. బండి లిఫ్ట్ మీద పెట్టించి ఆ వెల్డ్ మొత్తం చూశాను. టనెల్ లోపల గేర్లు మార్చే షిఫ్ట్ రాడ్ కూడా తగ్గించాలి. అది సరిగ్గా రాకపోతే రెండో గేరు, రివర్స్ పడవు. తర్వాత ఒక పక్క జాకీ ఎత్తి తలుపు తీయండి. బిగుసుకుంటే చుట్టూ స్టీల్ ట్యూబుల బలం లేనట్టే. తలుపు కీళ్ల దగ్గర జెల్‌కోట్‌లో (ఫైబర్‌గ్లాస్ పైపొరలో) సాలెగూడు పగుళ్లు కనిపించినా అనుమానం అదే. అమెరికా బీటిళ్లకు 1969 నుంచి వెనక ఐఆర్‌ఎస్ (చక్రాలు వేటికవే కదిలే సస్పెన్షన్) వచ్చింది. దానికి ముందున్న పాత స్వింగ్ యాక్సిల్ మీద మలుపులో వేగంగా వెళ్తూ యాక్సిలరేటర్ మీంచి ఒక్కసారి కాలు తీస్తే వెనక చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. నేనైతే ఐఆర్‌ఎస్ లేనిది కొనను.

ఇంజన్ ఆపి క్రాంక్ పుల్లీని ముందుకీ వెనక్కీ కదపండి. ఆ కదలిక (ఎండ్ ప్లే) 0.15 మి.మీ. దాటితే ఇంజన్ విప్పాల్సిందే, ధర ఆ లెక్కన మాట్లాడుకోండి.

మెయింటెనెన్స్‌లో బెంగ పెట్టేది పెట్రోల్ గొట్టాలే. ఇథనాల్‌కి పాత రబ్బరు పగిలి, కారిన పెట్రోల్ వేడి ఇంజన్ మీద పడుతుంది. బీటిళ్లు తగలబడేది ఎక్కువగా ఇలాగే. గొట్టాలన్నీ మార్చి, ఇంజన్ గదిలో ఉన్న ఫిల్టర్‌ని బయట గేర్‌బాక్స్ వైపు పెట్టించాను. మామూలు 1600 సీసీ ఇంజన్‌కి ఆయిల్ రెండున్నర లీటర్లు, జాలీ తప్ప ఫిల్టర్ ఉండదు. 3,000 మైళ్లకోసారి ఆయిల్ మార్చి, ఇంజన్ పూర్తిగా చల్లారాక వాల్వ్ గ్యాప్ 0.006 అంగుళం పెట్టాలి.

ఇన్సూరెన్స్ ‘అగ్రీడ్ వాల్యూ’ (బండి విలువ ముందే ఒప్పుకుని రాసే) పాలసీయే తీసుకోండి. మామూలు పాలసీలో పోయింది పాత బీటిలేనని వాదిస్తారు.

అమ్మేటప్పుడు బిల్లు మీద ‘రెప్లికా’ అని, పాన్ నంబరు రాసి, ఇద్దరమూ సంతకాలు చేశాం. అమ్మిన 5 రోజుల్లో డీఎంవీకి రిలీజ్ ఆఫ్ లయబిలిటీ (బండి అమ్మేశామని చెప్పే నోటీసు) పంపాలి. ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. అది పంపకపోతే కొన్నాయన టోల్, పార్కింగ్ జరిమానాలు మన ఇంటికే వస్తాయి.